వేంగీపురమున ఒక దినము

చీనాదేశపు బౌద్ధయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు క్రీ.శ. 630 ప్రాంతమున మధ్యాసియా మార్గమున హిందూదేశమునకు వచ్చుచు సమర్కందు నగరమును చూచెను. ఆ రాజధాని చుట్టుకొలత ఇరువది ‘లీ’లనియు, అచ్చట నానాదేశముల విలువగల సరకులు చేరుచుండుననియు తన గ్రంథమున చెప్పినాడు. పిమ్మట రమారమి పదిసంవత్సరములకు దక్షిణాపథమున సంచరించుచు ఆంధ్రదేశమునకు వచ్చి, ఇచ్చటి రాజధానికిని అదే కొలత వేసినాడు. లీ యనగా మన మైలులో ఇంచుమించు మూడవపాలు. కనుక అది ఆరుమైళ్ళ చుట్టుకొలతగల పట్టణమన్నమాట. అతడు వ్రాసిన ‘పింగ్‌కీలో’ అను చీనా ఉచ్చారణము మన వేంగీపురమే యని చరిత్రకారులలో పెక్కురు అంగీకరించిరి. ఒకే మనుష్యుడు, ఒకే కొలతబద్దతో, అంతదూరమున నున్న రెండు రాజధానులను కొలిచి సమానములని వ్రాసిపోయెను.

సమర్కందు ఏమైనదో లోకమునకు తెలియును. 1220లో చెంగిజ్‌ఖాను సేనలు ఆ నగరమును పాడుచేసినవి. తరువాతి కాలమున దాని ప్రక్కనే తైమూరు పెంపుచేసిన పట్టణమునే ఇప్పటి యాత్రికులు ప్రధానముగ చూచుచున్నారు. హ్యూయన్‌త్సాంగు నడచిన పాత పట్టణము అఫ్రాసియాబు అను పేర ఒక బయలుదిబ్బగా మిగిలినది. ఆ దిబ్బపై 1965లో దారి వేయుచుండగా ఏడవశతాబ్దినాటి గోడచిత్తరువులు బయల్పడినవి. దూరదేశముల దూతలు కానుకలు చేతబట్టి రాజసన్నిధికి వచ్చుచున్నట్లు అందు చిత్రించియున్నది. వానిని పదిలముగ తీసి అచ్చటనే ప్రదర్శనశాల కట్టి యుంచిరి. ఇప్పుడు ఒక పూటలో ఆ దిబ్బనంతయు చూపి, ఏ గోడ ఎవరిదో, ఏ దూత ఏ దేశమువాడో చెప్పి పంపు మార్గదర్శకులచ్చట కలరు.

వేంగీపురమును చూడగోరువానికి చూపించువారెవరు? ఈ ప్రశ్నతోనే మేము ఏలూరునుండి ఒక మాఘమాసపు ప్రాతఃకాలమున బయలుదేరితిమి. మాతోకూడ ఇంటి ఆడవారును, ఇద్దరు పిల్లలును వచ్చిరి. ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించిన పెద్దలొకరు దారి చూపుటకు దయతో అంగీకరించిరి.

బయలుదేరకముందే ఏలూరును గురించి ఒకమాట చెప్పవలెను. ఇప్పుడిది జిల్లా ముఖ్యపట్టణము. 2022లో దీనిపేరిటనే ఒక జిల్లా ఏర్పడినది. మహమ్మదీయ ప్రభుత్వకాలమున పారసీకమునుండి వచ్చినవారు నేర్పిన తివాచీల నేత దీనికి దేశాంతరములందు పేరు తెచ్చెను. అయినను శాలంకాయన వంశజుడగు విజయదేవవర్మ ప్రాకృతభాషలో వేయించిన తామ్రశాసనమున మాత్రము ఏలూరు కేవలమొక గ్రామము. రాజు వేంగీపురమున కొలువుండి, ‘ఏలూర’ గ్రామపెద్ద మొదలగు గ్రామస్థులకు ఆజ్ఞాపించుచు, ఒక బ్రాహ్మణునికి భూదానము చేయుచున్నాడు. పదునాఱు పదునేడు వందల యేండ్లనాడు ఆజ్ఞ నిచ్చిన నగరము నేడు పల్లెయైనది; ఆజ్ఞ నందుకొన్న పల్లె నేడు నగరమైనది. మేము పోవుచున్నది ఆ తామ్రశాసనము వచ్చిన త్రోవనే, ఎదురుగా.

పెదవేగి ఏలూరునకు ఉత్తరముగ ఏడెనిమిది మైళ్ళ దూరమున నున్నది. డెల్టా నేలలు వెనుకబడి మెట్టభూములు ఆరంభమగును. దారికిరుప్రక్కల కొబ్బరితోటలును, ఈ నలుబదియేండ్లలో వచ్చిన పామాయిలు తోటలును దట్టముగ నున్నవి. ఆ పంటకై జాతీయ పరిశోధనాలయము కూడ పెదవేగియందే యున్నది. ఊరు చేరగానే మా పిల్లలలో చిన్నవాడు “కోట ఏదండీ?” అని అడిగెను. ఉపాధ్యాయులవారు నవ్వి, “నువ్వు నిలబడ్డది కోటమీదే బాబూ” అనిరి. పిల్లవాడు నమ్మలేదు. నమ్ముటకు కంటికి ఏమి కనబడుచున్నది? ఎత్తైన మట్టిదిబ్బలు, వానిపై తుప్పలు, అక్కడక్కడ వెడల్పాటి పాత యిటుకల ముక్కలు. 1980వ దశకమున భారత పురావస్తుశాఖవారిచ్చట త్రవ్వకములు జరిపి ఇటుక కట్టడముల పునాదులను వెలికితీసిరి. చూచుటకు తెలిసినవానికవి మహాగ్రంథము. తెలియనివానికి కూలిన గోడ.

తెలిసినంతవరకు ఈ నగరపు కథ ఇట్లున్నది. నాలుగవ శతాబ్ది నడుమ సముద్రగుప్తుడు దక్షిణమునకు దండెత్తి వచ్చినప్పుడు ఇచ్చట హస్తివర్మ యను రాజుండెను. అలహాబాదు స్తంభశాసనము అతనిని ‘వైంగేయక హస్తివర్మ’ అని పేర్కొనుచున్నది. అతడు శాలంకాయనుడు. ఆ వంశపు రాజులు తమ శాసనములందు చిత్రరథస్వామి పాదములను ధ్యానించుచు సూర్యుని కొలిచిరి. వారి పిమ్మట విష్ణుకుండినులు, వారి పిమ్మట పశ్చిమమునుండి వచ్చిన చాళుక్యులు ఈ దేశమునేలిరి. రెండవ పులకేశి వేంగిని జయించి తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుని ఇచ్చట నిలిపెను. 624 మొదలు తూర్పుచాళుక్యుల రాజ్యముగ ఎన్నబడునది ఆ తమ్ముని వంశమువారిదే. హ్యూయన్‌త్సాంగు వచ్చినది ఆ వంశము ఇంకను వేళ్ళూనుచున్న తొలిదినములందు. అతనికి నేల సారవంతముగను, ఎండ తీవ్రముగను, ప్రజలు ఆవేశపరులుగను తోచిరి. ఇరువది సంఘారామములలో మూడువేలమంది భిక్షువులను, ముప్పదివరకు దేవాలయములను లెక్కవేసెను. ఇంకొక మాట వ్రాసెను. అది మాకు మిక్కిలి విలువగలదిగా తోచినది: ఇచ్చటి మాటయు వాక్యములకూర్పును మధ్యదేశమువానికంటె వేఱు గాని, అక్షరముల రూపము ఇంచుమించొక్కటేయట.

రాళ్ళన్నియు ఏమైనవి? ఏలూరిలో పూర్వమున్న కోటకు రాళ్ళను పెదవేగి, దెందులూరు శిథిలములనుండి తరలించిరని జిల్లా చరిత్రలు చెప్పుచున్నవి. ఈ మాట విన్నంతనే తురకల ప్రభుత్వమును నిందించి తృప్తిపడువారు మనలో కలరు. వారు పెదవేగి వచ్చి ఊరి అరుగులను ఒకసారి పరిశీలించిన బాగుండును. మాకు తన పొలము చూపిన రైతుగారు దాపరికము లేకుండ చెప్పినారు: “దున్నినప్పుడల్లా ఇటుకలు లేస్తూనే ఉంటాయండి. మా తాతల నాడూ అంతే. మా పశువుల పాక అరుగులో ఉన్నవి అవే.” ఇందులో ఆయన తప్పేమియులేదు. కాలువగట్టుకు, గుడిప్రాకారమునకు, కొట్టమునకు చేతికందిన రాయి వాడుకొనుట మన దేశమంతట ఉన్నదే. నగరమును పాడుచేసినది ఒక మతమువారు కారు. దాని విలువ ఎవరికిని తెలియకపోవుటయే పాడుచేసినది.

మా యింటి ఇల్లాలు ఆ రైతుగారిని, “ఇది రాజధానని మీకెవరూ చెప్పలేదా అండీ?” అని అడిగినది. ఆయన కొంచె మాలోచించి, “వచ్చినవాళ్ళు శానామందే వచ్చారమ్మా. దిబ్బలు చూపించమన్నారు, చూపించాం. కాగితాల మీద రాసుకున్నారు, వెళ్ళిపోయారు. ఏం రాసుకున్నారో మాకు చెప్పలేదు” అనెను.

ఈ మాట మాకు ములుకువలె తగిలినది. ఏలయన, దీనికి వెనుక ఒక పాత కథ కలదు. శాసనపరిశోధకుడు హుల్చ్ గారు ఇరువదవ శతాబ్ది ఆరంభమున పెదవేగికి వచ్చినప్పుడు, శాసనములందు మాత్రమే కనబడు చిత్రరథస్వామి ఆలయమేదియని విచారింపగా, ఊరివారు ఒక దిబ్బను చూపి అదియే ఆ గుడి శిథిలమని చెప్పిరట. దేవుడు పోయెను, గుడి పోయెను, కొలిచిన రాజవంశము పోయి పదునైదువందల యేండ్లయ్యెను. చదువురాని నోళ్ళయందు పేరుమాత్రము చెక్కుచెదరక నిలిచెను. ఆ విద్వాంసుడు తాను విన్నది నిజాయితీతో ఆంగ్లభాషయందు ప్రకటించెను. పండితలోకమునకు అది సాక్ష్యమైనది. చెప్పిన ఊరివారికి మాత్రము, తాము చెప్పినదెంతటి మాటయో తిరిగి చెప్పినవారు లేరు. వేంగీపురమునకు మార్గదర్శకులు లేరనుకొని మేము వచ్చితిమి. మార్గదర్శకులు అనాదిగా ఇచ్చటనే యున్నారు. దారి చూపించుకొన్నవారే ఋణము తీర్చకపోయిరి.

ఋణము కొంత తీర్చినవారు లేకపోలేదు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమాల 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగమును తెలుగున ప్రకటించెను. ఆ పుస్తకము మన పెద్దల యిండ్లలో పురాణముల ప్రక్కన నుండెడిది. అయితే పట్టణపు గృహములవరకు వచ్చిన చరిత్రము ఆ ఏడెనిమిది మైళ్ళు నడచి పెదవేగి చేరలేదు. మేమా మధ్యాహ్నము రైతుగారి అరుగుమీద కూర్చుండి మాకు తెలిసినది చెప్పితిమి. ఆయనకన్న ఆయన కోడలు శ్రద్ధగా విన్నది. హస్తివర్మ పేరు రెండుసార్లు అడిగి తన కుమారుని పలకమీద వ్రాయించినది.

ఆ పలకమీది అక్షరములను చూడగనే చెప్పవలసిన సంగతి మరియొకటి తోచినది. దక్షిణదేశ లిపులపై 1874లో గ్రంథము వ్రాసిన బర్నెల్ దొరగారు ఈ రాజుల తామ్రశాసనముల లిపికి వేంగిలిపి యని పేరిడెను. మన తెలుగులిపి పూర్వరూపములలో అదియొకటి. భాష సంగతియు చూడుడు. విజయదేవవర్మ ఏలూరి గ్రామస్థులకు ప్రాకృతమున ఆజ్ఞాపించెను. తరువాతి శాలంకాయనులు సంస్కృతమునకు మారిరి. అది రాజుకును బ్రాహ్మణునికిని తెలిసియుండును గాక, పొలము దున్నువానికి రెండును ఒక్కటే. ఎవరైన చదివి చెప్పవలసినదే. చాళుక్యులు వచ్చిన కొలదికాలమునకే మొదటి జయసింహుని విప్పర్ల శాసనము తెలుగు వచనమున కనబడుచున్నది. 848లో గుణగవిజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనమున తెలుగు పద్యమే వచ్చినది. పదునొకండవ శతాబ్దియందు రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు భారతము నారంభించునాటికి రాజధాని రాజమహేంద్రవరమునకు మారియున్నది. అయినను దేశము వేంగీదేశమే. నాలుగువందల యేండ్లలో ఏలువారి భాష ఏలబడువారి భాషదగ్గరకు నడచివచ్చెను. రాజులు తమంతట తాము దయతలచి వచ్చిరని మేమనుకొనము. పన్ను చెల్లించువానికిని, యుద్ధమునకు పోవువానికిని తెలియని భాషలో రాజ్యము చాలకాలము నడవదు.

పెదవేగినుండి ఇంకను ఉత్తరముగ పోయి, కామవరపుకోట మండలములోని గుంటుపల్లి చేరితిమి. జీలకర్రగూడెము కొండలని స్థానికుల వాడుక. ఇది వేంగీ రాజధానికన్న ఎంతో పాతది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దినాటి పని యిందు కలదు. చూడదగిన వానిలో మొదటిది గుండ్రని గుహాచైత్యము. కొండను తొలిచి గుడిసె ఆకారమున మలచి, పైకప్పునకు కొయ్యవాసములవలె రాతిలో వాసములు చెక్కిరి. నడుమ స్తూపము, దాని చుట్టు మనిషి ఒకడు పట్టునంత ప్రదక్షిణమార్గము. కొయ్యతో ఇల్లు కట్టెడి వడ్రంగి చేతిపని చూచి శిల్పి రాతికి నేర్పెనని తోచును. కొండమీద మెట్టుమెట్టున భిక్షువుల గదులు, ఇటుక చైత్యగృహపు పునాది, పదులకొలది చిన్న మొక్కుబడి స్తూపములు కలవు. గుహలోని స్తూపమును చుట్టుప్రక్కల జనులు ధర్మలింగేశ్వరుడని కొలుతురు. మాతో వచ్చిన మిత్రుడొకడు దీనిని చూచి “బుద్ధుని లింగముగా మార్చినారు” అని కోపించెను. మాకు కోపము రాలేదు. పూజ జరుగుచున్నందుననే గదా ఆ రాతిని ఎవరును అరుగునకు పట్టుకొనిపోలేదు! పైగా ‘ధర్మ’ అను మాట ఆ పేరులో మిగిలియే యున్నది.

ఇచ్చటి మండపస్తంభములందు ఒక శాసనము కలదు. కళింగ మహిషకాధిపతియు మహామేఘవాహనుడును అగు సిరిసదుడను మహారాజునొద్ద లేఖకుడుగా నున్న చూళగోముడు ఈ మండపమును దానము చేసెను. రాజు కాడు, సేనాపతి కాడు, వ్రాతగాడు. జీవితమంతయు ఒకరి మాటలను వ్రాసినవాడు తన పేరును రాతిమీద ఒకసారి వ్రాయించుకొనెను. మా ఉపాధ్యాయులవారు ఆ స్తంభముదగ్గర చాలసేపు నిలిచిరి.

బౌద్ధ తార్కికుడు దిఙ్నాగాచార్యుడు ఈ గుంటుపల్లి కొండమీదనే న్యాయశాస్త్రము వ్రాసెనని దారిలో ఒకరు మాకు గట్టిగా చెప్పిరి. వినుటకు ఇంపైన మాటయే. కాని హ్యూయన్‌త్సాంగు చెప్పిన ఒంటికొండ రాజధాని దిక్కునుండి నైరృతిగా నున్నది. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరము. యాత్రికుని సాక్ష్యము కావలెనన్నచో అతని దిక్కులను కూడ తీసికొనవలెను.

తిరుగుదారిలో బండిలో జరిగిన సంభాషణ ఎక్కువగా స్త్రీలనుగురించి సాగినది. అడిగినవారు మా యింటివారే. ఇంత చరిత్రలో ఆడుపేరొక్కటియు లేదా? కలవు, వెదకవలెను. కుబ్జవిష్ణువర్ధనుని పట్టమహిషి అయ్యణమహాదేవి బెజవాడలో జైనవసదికి గ్రామదానము చేసెను. ఆ దానమును 762లో మూడవ విష్ణువర్ధనుడు మరల స్థిరపరచెను. పదవశతాబ్దియందు రెండవ అమ్మరాజు వేయించిన కలుచుంబర్రు శాసనము ఇంతకన్న విచిత్రమైనది. తాడేపల్లిగూడెమున కావలనున్న అత్తిలినాటిలోని ఆ గ్రామమును ఒక జైనాలయపు అన్నసత్రమునకై దానము చేయించినది చామెకాంబ. ఆమె గణిక. శాసనకవి ఆమె వృత్తిని దాచలేదు, ఆమె విద్యను భక్తిని కొనియాడుటకు సంకోచింపలేదు. అటువంటి స్త్రీలను గురించి మన పత్రికలలో ఒకప్పుడు జరిగిన వాదములు జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆ తామ్రపత్రపు మర్యాద మనలను కొంచెము తలవంచుకొనజేయును. రాజు శైవవైష్ణవ దేవాలయములకు దానములిచ్చు వంశమువాడు, దానము జైనులకు, అడిగినది గణిక. వేంగి యనగా ఇదియు ఒకటి.

సాయంకాలమునకు ఏలూరు దాటి దక్షిణముగ కొల్లేటికి దిగితిమి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పల్లపు నేలలో బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులన్నియు దిగి సరస్సై, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పోవును. రాజధానికి ఇది వెనుకటి కందకమువంటిది. పులకేశి వేంగీదేశమును గెలిచిన యుద్ధము దీని యొడ్డుననే జరిగెను. 634 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి ఈ కునాలసరస్సు నీరు హతుల రక్తముతో ఎఱ్ఱబడెనని వర్ణించెను. దండి దశకుమారచరితమున ఆంధ్రనగర సమీపమున వర్ణించిన మహాసరస్సు కూడ ఇదియేయని పలువురి అభిప్రాయము. అప్పటి నీటికి హద్దులు వేఱు, ఇప్పటి నీటికి హద్దులు వేఱు. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేయగా, 1999లో అభయారణ్యముగను, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగను ప్రకటనలైన పిమ్మట, 2006లో ప్రభుత్వమువారు గట్లను పగులగొట్టించిరి. ఆ పనిలో పక్షులకు చోటు దొరకినదనువారును, లంకగ్రామముల పేదలకు కూడు పోయినదనువారును కలరు. ఇరువురి మాటయందును నిజమున్నది. కైకలూరు దరి ఆటపాకవద్ద గూడబాతులు గుంపులుగా వాలుచుండుట చూచి పిల్లలు కోట మాట మరచిరి.

అచ్చటికి పిలిచిన పడవవాడు కొల్లేటికోట దిక్కు చూపి పెద్దింట్లమ్మవారి కథ చెప్పెను. గజపతుల కోట అచ్చట నుండెననియు, శత్రుసేనలు చిగురుకోటవద్ద దిగి, సరస్సు నీరు తీసివేయుటకు కాలువ త్రవ్వించుచుండిరనియు, ఆ పని నెరవేరుటకై ఒక సేనాని తన కూతురినే బలియిచ్చెననియు, అందుచేత ఆ కాలువకు పేరంటాల కనుమ యని పేరు వచ్చెననియు ఐతిహ్యము. పడవవాడు భక్తితో చెప్పి చేతులు జోడించెను. మా యింటి పెద్దపిల్ల పదునాలుగేండ్లది. అంతవరకు మాటాడక విన్నది. “ఆ అమ్మాయి పేరేమిటండీ?” అని అడిగినది.

పడవవాడు తెడ్డు ఆపి ఆలోచించెను. “పేరంటాలు అంటారమ్మా” అనెను. “అది పేరు కాదు కదా” అని పిల్ల అనినది. పడవవాడు మరల తెడ్డువేసెను. హస్తివర్మ పేరు స్తంభముమీద నున్నది. చూళగోముని పేరు స్తంభముమీద నున్నది. చామెకాంబ పేరు రాగిరేకుమీద నున్నది. కాలువ పేరులో ఆ పిల్ల పేరు లేదు. చీకటి పడుచుండగా ఉప్పుటేటి దిక్కునుండి గాలి వీచెను. ఒడ్డున లంకగ్రామపు దీపములు ఒక్కొక్కటిగా వెలిగినవి.